తోడు అడిగావా బిడ్డా?

ప్రశ్న: అమ్మా, వందనాలు. మాది మహబూబ్‌నగర్. నాకు 25 ఏళ్లు. బైబిల్ ట్రైనింగ్ అయ్యాక ఏడాదిన్నర నుంచి దేవరకొండ అవతల లంబాడీ తండాల్లో మిషనరీగా ఉన్నాను. నాతో పాటు కోస్తా నుంచి వచ్చిన ఒక అక్క ఉంది, నాకన్నా పన్నెండేళ్లు పెద్దది. ఇద్దరం ఒకే గదిలో ఉంటాం. గ్యాస్ డబ్బుల దగ్గర మాటా మాటా వచ్చి మూడు వారాలుగా మాట్లాడుకోవడం లేదు. తండాలో పిల్లలకు సాయంత్రం చదువు చెబుతాం, బీపీ చూస్తాం, టాబ్లెట్లు ఇస్తాం. అన్నీ తీసుకుంటారు కానీ దగ్గరికి రారు. వాళ్లకు భారం కాకూడదని నేను ఎవరింట్లోనూ ఏమీ ముట్టను. ఫ్లోరైడ్ భయంతో నీళ్ల బాటిల్ కూడా వెంట తీసుకెళ్తాను. మొన్న తీజ్ పండుగకు రమ్మని పిలిచారు. వెళితే తప్పేమోనని తలుపేసుకుని స్పీకర్లో క్రైస్తవ పాటలు పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఆడవాళ్లు ఇంకా ముభావంగా ఉన్నారు. మా కోఆర్డినేటర్ అన్న నెలనెలా 'ఎంతమంది?' అని అడుగుతాడు. ఒంగోలు దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, మీ దగ్గర ఒక్కరూ ఎందుకు లేరంటాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇంటికి వెళ్లిపోవాలనిపిస్తోంది. వీళ్లందరితో మంచిగా ఉండటం ఎలా?
– మీ బిడ్డ, దేవరకొండ ప్రాంతం

జవాబు:

వందనాలు బిడ్డా. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తండాకు నువ్వు ఏమేం ఇచ్చావో వరుసగా రాశావు. వాళ్ల దగ్గర నువ్వు ఏం తీసుకున్నావో వెతికితే ఒక్క ముక్క దొరకలేదు. ఏడాదిన్నరలో గ్లాసెడు నీళ్లు కూడా తీసుకోలేదు!

ముందు ఆ నీళ్ల సంగతే మాట్లాడుకుందాం. ఫ్లోరైడ్ భయం ఉత్తది కాదు. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పడిందంటేనే ఈ జిల్లా ఎంత బాధ పడిందో తెలుస్తుంది. మర్రిగూడ వైపు నడుములు వంగిపోయిన మనుషులను నేను కళ్లారా చూశాను. కానీ అది ఏళ్ల తరబడి ఆ నీళ్లే తాగినవాళ్లకు వచ్చే జబ్బు. ఒకరింట్లో ఒక గ్లాసు తాగితే వచ్చేది కాదు. పైగా ఇప్పుడు చాలా ఊళ్లకు మిషన్ భగీరథ పథకం నీళ్లు వస్తున్నాయి. రోజూ గదిలో తాగే నీళ్ల గురించి జాగ్రత్తపడు, మంచిదే. గడప దగ్గర ఇచ్చిన గ్లాసును మాత్రం వెనక్కి పంపకు.

ఎందుకంటే మన దగ్గర ఒకరింట్లో నీళ్లు ముట్టకపోతే దానికి ఒకటే అర్థం. అది నువ్వు చెప్పనక్కర్లేదు, ఎదుటివాళ్లు తరతరాలుగా ఎరిగిన అర్థం. నీ మనసులో ఉన్నది ఫ్లోరైడ్, భారం కాకూడదన్న మంచితనం. గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఆవిడకు గుర్తొచ్చేది మాత్రం కులం. సమరయ స్త్రీ కథ నీకు నేను చెప్పాలా? యూదులు సమరయుల చేతి నీళ్లు ముట్టని రోజుల్లో, యేసు బావి దగ్గర కూర్చుని మొదట పలికిన మాట 'నాకు దాహమునకిమ్ము' అని. బోధ ఆ తరువాత వచ్చింది. ఆవిడ ఆశ్చర్యపోయింది కూడా ఆ అడగడానికే. డెబ్బైమందిని ఊళ్ల మీదికి పంపినప్పుడు కూడా, ఏ ఇంట్లో దిగితే అక్కడే ఉండి వాళ్లు పెట్టింది తినమనే చెప్పాడు. బాటిల్ తీసుకెళ్లమనలేదు.

నేను ముప్పై నాలుగేళ్లు మిషన్ ఆసుపత్రిలో నర్సును. ఉద్యోగంలో చేరిన కొత్తలో వారానికొకసారి పాలమూరు పల్లెల్లో క్లినిక్ పెట్టేవాళ్లం. ఒక ఊళ్లో ఒక అవ్వ ప్రతి వారం అంబలి తెచ్చేది. నేను ప్రతి వారం 'ఇప్పుడే తిని వచ్చినా అవ్వా' అనేదాన్ని. అబద్ధమే. నాలుగో వారం నుంచి ఆమె రావడం మానేసింది. ఒకనాడు పొద్దున ఏమీ తినకుండా వెళ్లి, ఎండకు క్లినిక్‌లోనే కళ్లు తిరిగి కూలబడ్డాను. లేచి చూస్తే అదే అవ్వ నా తల ఒళ్లో పెట్టుకుని అంబలి తాగిస్తోంది, ఉల్లిగడ్డ నంజుకోమంటోంది. ఆ వారమంతా ఊరంతా ఒకటే మాట: 'నర్సమ్మకు మనమే మందిచ్చినం.' నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆ తరువాతి వారం ఆ అవ్వ తన కోడలిని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చింది. ఐదో నెల, అప్పటిదాకా ఎవరికీ చూపించలేదట. నా టాబ్లెట్లు ఏడాదిలో చేయలేని పని, నా కళ్లు తిరగడం ఒక్క పూటలో చేసింది.

ఎప్పుడూ ఇచ్చేవాడి చెయ్యి పైన ఉంటుంది బిడ్డా. తీసుకునేవాడు దండం పెడతాడు, కానీ పక్కన కూర్చోడు. మన ఇళ్ల మధ్య చుట్టరికాలు ఎట్లా పుడతాయో గమనించు. చేబదులు మీద పుడతాయి. గిన్నెడు చక్కెర తెచ్చుకుంటాం, తిరిగి ఇచ్చేటప్పుడు ఇంకాస్త ఎక్కువ పోసి ఇస్తాం. ఆ ఎక్కువైనదాని కోసం వాళ్లు మళ్లీ కూర గిన్నె పంపుతారు. ఆ లెక్క ఎప్పటికీ తేలదు. తేలకపోవడం వల్లే రాకపోకలు ఉంటాయి. నువ్వేమో మొదటి రోజు నుంచే ఎవరికీ బాకీ లేకుండా బతుకుతున్నావు. అది గొప్పగా అనిపిస్తుంది కానీ తండాలో దాన్ని 'ఈ పిల్లకు మనతో పనిలేదు' అని చదువుకుంటారు.

అందుకని ఈ వారం నువ్వు అడగడం మొదలుపెట్టు. భాష అడుగు. వాళ్లు ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి. నీతో మాట్లాడేటప్పుడు తెలుగులోకి వస్తున్నారంటే, అలుపంతా వాళ్లే పడుతున్నారన్న మాట. అమ్మను 'యాడీ' అని పిలవడం, ఎదురైతే 'రామ్ రామ్' అన్నప్పుడు మొహం చిట్లించకుండా బదులు పలకడం, జొన్న 'బాటీ' ఎట్లా తడతారో పక్కన కూర్చుని చూడటం, ఇవి చేయి. నీ బాటీ మొదట భారతదేశ పటంలా వస్తుంది, అందరూ నవ్వుతారు. నవ్వనీ. టీచరమ్మ తప్పు చేయడం చూడటానికి పిల్లలు కూడా పరుగెత్తుకొస్తారు. రాబోయేది పత్తి ఏరే కాలం. పొద్దున తొమ్మిదికి బ్యాగు వేసుకుని ఇళ్లు తిరిగితే నీకు ముసలివాళ్లు, తాళాలు తప్ప ఎవరూ దొరకరు. వాళ్ల చేనుకే పో. ఒక పూట నడుం వంచి పత్తి ఏరితే, బీపీ మిషన్‌తో నెల రోజులు తిరిగినా వినని మాటలు వింటావు. కూలి మాత్రం ఇవ్వబోతే తీసుకోకు, దానికి బదులు మధ్యాహ్నం వాళ్ల సద్దిలో కూర్చుని తిను.

ఫొటోలు ఆపు. నువ్వు రాయలేదు కానీ రిపోర్టు కోసం పిల్లల ఫొటోలు తీస్తూనే ఉంటావు, నాకు తెలుసు. దేవరకొండ తండాలకు కెమెరాలతో వచ్చి, పేదరికం మీద నాలుగు వాక్యాలు రాసుకుని, మళ్లీ కనబడకుండా పోయినవాళ్లు చాలామంది. వాళ్ల వరుసలో నిన్నూ నిలబెడుతుంది ఆ ఫోను.

ఇక తీజ్. ఇక్కడ నిన్ను కాస్త తిట్టాలి. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ పాడుకునే పండుగ అది. ఆ ఇంటి ఆడపిల్లల పండుగకు నిన్ను పిలిచారంటే, ఏదీ ముట్టని పరాయి పిల్లను కూడా ఇంటి పిల్లలా చూశారన్న మాట. నువ్వు వెళ్లకపోవడం వేరు. స్పీకర్ పెట్టడం వేరు. మన చర్చిలో క్రిస్మస్ ఆరాధన జరుగుతుంటే ఎదురింటివాళ్లు మైకు పెడితే మనం ఏమంటాం? పూజ చేయమని నిన్ను ఎవరూ బలవంతం చేయలేదు. వాకిట్లో కూర్చుని పాటలు విని, ఆ పిల్లల మొలకలు ఎంత ఎత్తు పెరిగాయో చూసి రావడానికి నీ విశ్వాసం అడ్డం రాదని నా అభిప్రాయం. ప్రసాదం విషయంలో నీ మనస్సాక్షి నీది, నేను తీర్పు చెప్పను. తిననిదైతే పళ్లెం నీ ముందుకు రాకముందే చెప్పు: 'యాడీ, మొక్కు పెట్టింది నేను తినను, ఏమనుకోకు. నీ ఇంట్లో రొట్టె ఎప్పుడు పెట్టినా తింటా.' ముందే, మెల్లగా, నవ్వుతూ చెబితే ఎవరూ నొచ్చుకోరు. పళ్లెం పట్టుకొచ్చాక చెయ్యి అడ్డం పెడితే నొచ్చుకుంటారు. ఇప్పుడైనా ఏదో ఒక ఇంటికి వెళ్లి, 'ఆ రోజు పాటలు పెట్టి తప్పు చేసిన' అని నోరు తెరిచి చెప్పు. మనం ఊరికి క్షమాపణ గురించి చెబుతూ తిరుగుతాం, అడగడం మాత్రం మనకు రాదు.

తండా పెద్ద నాయక్‌ను కలిశావా? 2018 నుంచి ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి, సర్పంచ్ వాళ్లలోనే ఉంటారు. అయినా నాయక్ మాటకు ఉండే విలువ వేరు. ఇద్దరి దగ్గరికీ వెళ్లి, నువ్వు ఎవరో, ఏ చర్చి పంపిందో, ఏం చేస్తావో దాచకుండా చెప్పు. ట్యూషన్ పేరుతో వచ్చి మెల్లగా ఇంకేదో మొదలుపెట్టిందన్న మాట ఒక్కసారి పడితే ఇక చెరగదు. ట్యూషన్‌కు వచ్చే పిల్లను ప్రార్థనకు రమ్మని బలవంతం వద్దు, ప్రార్థనకు రానివాళ్లకు టాబ్లెట్ ఆపడం అసలే వద్దు. రాజ్యాంగం 25వ అధికరణ మన విశ్వాసం గురించి చెప్పుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కులో ఇంకొకరిని మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో చెప్పింది. చట్టం సంగతి అటుంచు, ఆశపెట్టి పిలిస్తే వచ్చినవాడు ఆశ తీరగానే పోతాడు.

ఇది నేను కనిపెట్టింది కాదు. మీ కోఆర్డినేటర్ గారి ఒంగోలు కథలోనే ఉంది, ఆయన సగమే చెబుతున్నాడు. ఆ 2,222 మంది నిజమే, 1878 జూలైలో, గుండ్లకమ్మ ఒడ్డున. దానికి ముందు ఏం జరిగింది? అమెరికన్ బాప్తిస్టులు 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టారు. పదమూడేళ్లకు, 1853లో, ఫలితం లేదు కాబట్టి మూసేద్దామా అని అమెరికాలో చర్చ పెట్టుకున్నారు. ఇప్పటి కోఆర్డినేటర్ల లెక్క ప్రకారమైతే మూసేయాల్సిందే. 1860లలో జాన్ క్లౌ అనే మిషనరీ వచ్చాడు. ఆయన కంటే ముందు ఊరూరా నడిచి, తన చుట్టాల ఇళ్లల్లో కూర్చుని మాట్లాడింది యెర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి. ఆ కదలికంతా చుట్టరికాల వెంట పాకింది. 1876లో పెద్ద కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని జనానికి పని చూపించాడు. మరి ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఇచ్చాడా? ఆపేశాడు. కూటి కోసం వస్తున్నారేమోనని నెలల తరబడి ఒక్కరికీ ఇవ్వలేదు. అంకె పెంచుకోవడానికి అంతకంటే మంచి అదను ఏ మిషనరీకీ దొరకదు. దొరికినా ముట్టుకోలేదు. ఈసారి అన్న ఫోన్ చేసినప్పుడు కోపం లేకుండా ఈ కథ పూర్తిగా చెప్పు. ఆ పైన, 'ఈ నెల పదకొండు ఇళ్లలో భోంచేశాను, ఇరవై గోర్ బోలి మాటలు నేర్చుకున్నాను' అని రిపోర్టులో రాసి పంపు. లేని అంకె మాత్రం రాయకు. ఆయనకూ పైన ఎవరో అడుగుతూ ఉంటారు, పాపం.

దీనికి సంబంధించి ఇంకో మనిషి గుర్తొస్తున్నాడు. వి.ఎస్. అజరయ్య తిరునల్వేలి తమిళుడు. నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో అక్కడే బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభలో, దొరల ముందు నిలబడి ఆయన అన్న మాటల సారం ఇది: మీరు పేదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మాకు ప్రేమ కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి. దొరలు మంచివాళ్లే, త్యాగాలు చేసినవాళ్లే. మన నల్లగొండకే తీసుకో, మిషనరీలు ఫ్రీసెన్ దంపతులు 1889లో రష్యా నుంచి ఇంత దూరం వచ్చారు. అయినా మిషన్ బంగళా మెట్ల దగ్గర మనవాళ్లు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడిన కాలం ఒకటుంది. మా నాయన చెప్పేవాడు. ఈ రోజు తండా ముందు ఆ బంగళా మెట్ల మీద నిలబడింది మనం. నీ చేతిలో ఆ నీళ్ల బాటిలే బంగళా గోడ.

ఇప్పుడు అక్క సంగతి. నిజానికి నీ నిద్ర పాడుచేసింది ఇదేనని నా అనుమానం. తండా, కోఆర్డినేటర్ పగటి బాధలు. రాత్రి పక్క చాప మీద మాట్లాడని మనిషి ఉంటే ఆ గది ఎంత ఇరుకవుతుందో నాకు తెలుసు. హాస్టల్లో నాతో ఉన్న నర్సు తెల్లవారి నాలుగింటికి లేచి బిగ్గరగా ప్రార్థన చేసేది. నేను నైట్ డ్యూటీ చేసి మూడింటికి పడుకునేదాన్ని. ఆరు నెలలు లోలోపల ఉడికిపోయాను. ప్రార్థన ఆపమని ఎట్లా అడగను? ఎవరైనా ఏమంటారు? చివరికి అది తేలింది కొత్త చింతపండు వచ్చిన రోజున. ఇద్దరం చాప మీద కూర్చుని గింజలు తీస్తున్నాం. చేతులు పనిలో ఉంటే కళ్లలోకి చూడాల్సిన అవసరం ఉండదు, మాట దానంతట అదే వస్తుంది. 'నీ గొంతు పెద్దది' అన్నాను. 'నీ మూతి ఆరు నెలల నుంచి ముడుచుకునే ఉంది' అన్నది ఆమె. కాసేపు పోట్లాడుకున్నాం. గింజలు అయిపోయేసరికి ఆమె వరండాలో ప్రార్థన చేసుకోవడానికి ఒప్పుకుంది.

నువ్వూ అట్లా ఒక పని వెతుక్కో. కూరగాయలు తరిగేటప్పుడో, బట్టలు ఉతికేటప్పుడో. 'మనం మాట్లాడుకోవాలి' అని ఎదురెదురుగా కూర్చోబెడితే అది పంచాయితీ అయిపోతుంది. గ్యాస్ డబ్బులు నీవే ఎక్కువ పోయాయా, ఆమెవా అన్నది ఇప్పుడు తవ్వకు. ఒక నోటుబుక్కు కొని పొయ్యి పక్కన మేకుకు తగిలించు, ఎవరు తెచ్చింది వాళ్లు రాయాలి, నెలాఖరుకు సగం సగం. దేవుని పని చేసేవాళ్లకు లెక్కలేమిటని ఎవరైనా అంటే వినకు. సేవలో నేను చూసిన తగాదాల్లో చాలావరకు సిద్ధాంతాల మీద వచ్చినవి కావు, పప్పు ఉప్పుల మీద వచ్చినవే.

ఇంకొకటి, నువ్వు గమనించావో లేదో. నువ్వు ఆ అక్కను 'నువ్వు' అంటావా? మన పాలమూరులో అమ్మను, నాయనను, ఇంటికొచ్చిన పెద్దవాళ్లను కూడా 'నువ్వు తిన్నావా' అనే అంటాం. అందులో మనకు ప్రేమే తప్ప ఇంకేం లేదు. కోస్తాలో పెరిగిన మనిషికి, పన్నెండేళ్లు చిన్నదాని నోట ఆ మాట వింటే చురుక్కుమనవచ్చు. అటు ఆమె 'మీరు', 'అండి' అంటుంటే నీకు దూరం పెడుతున్నట్టు అనిపించి ఉంటుంది. ఇద్దరిదీ తెలుగే. ఈ సంగతి నేరుగా అడిగేయ్, ఇద్దరూ నవ్వుకుంటారేమో. ఆమె ఇల్లు, వాళ్ల అమ్మ ఎట్లా ఉందో కూడా అడుగు. ముప్పై ఏడేళ్ల ఒంటరి ఆడమనిషి, సొంతూరికి అంత దూరంలో, తన యాసకు పిల్లలు నవ్వే చోట ఉంటోంది. కోఆర్డినేటర్‌కు ఫిర్యాదు చేయడం అన్నిటికంటే చివరిది. చెయ్యి చేసుకోవడం, డబ్బు దాచేయడం, నీ గురించి చెడుగా చెప్పుకు తిరగడం లాంటివి ఉంటే మాత్రం ఆగకు, వెంటనే చెప్పు. సర్దుకుపోవడానికీ ఒక హద్దు ఉంది.

ఇంటికి వెళ్లిపోవాలనిపించడం పాపమని నీకు ఎవరో చెప్పి ఉంటారు. అపొస్తలుల కార్యాలు తీసి చూడు. మార్కు పౌలు, బర్నబాలతో బయలుదేరి మధ్యలోనే యెరూషలేముకు, ఇంటికి, వెళ్లిపోయాడు. అతన్ని మళ్లీ తీసుకెళ్లాలా వద్దా అని పెద్దవాళ్లిద్దరూ ఎంత గట్టిగా పోట్లాడుకున్నారంటే, చెరో దారి పట్టారు. నీ గదిలో జరిగిందే, కాస్త పెద్ద ఎత్తున! అదే పౌలు చివరి రోజుల్లో జైలు నుంచి, మార్కును వెంటబెట్టుకు రా, అతను నాకు పనికొస్తాడు అని తిమోతికి రాశాడు. కాబట్టి దసరా సెలవులకు పది రోజులు మహబూబ్‌నగర్ వెళ్లు. అమ్మ చేతి అన్నం తిను, కడుపునిండా నిద్రపో. అప్పటికీ తిరిగి రాబుద్ధి కాకపోతే రాకు. ఎవరూ నిన్ను పారిపోయావనకూడదు. నిద్ర మాత్రం ఇంకా పట్టకపోతే డాక్టర్‌కు చూపించుకో. ప్రార్థన చాలని ఎవరన్నా సరే వెళ్లు, ఇది నర్సుగా చెబుతున్నాను.

వెళ్లే ముందు ఒక్క పని చేయి. నీ గదికి దగ్గరున్న ఇంటికి, నిన్ను తీజ్‌కు పిలిచిన ఆవిడ ఇల్లయితే ఇంకా మంచిది, ఒక గిన్నె తీసుకుని వెళ్లి పెరుగు తోడు అడుగు. ప్రార్థన పుస్తకం, బీపీ మిషన్ గదిలోనే వదిలేయ్. పొద్దుగూకకముందే పో. దీపం పెట్టిన తరువాత చాలా ఇళ్లల్లో తోడు బయటికి ఇవ్వరు, అడిగి ఆమెను ఇబ్బంది పెట్టకు.